తిరుపతిలో కూర్చొని అమెరికా అధ్యక్ష ఆశావహుల సర్వేలను చదవడం ఎలా?

2024 జనవరి 16వ తేదీ కనుమ. పశువుల పండుగ చూడటానికి రంగంపేట వెళ్లేవారు తెల్లవారుజామునే చంద్రగిరి దారి పట్టారు. మా వీధిలో మాత్రం ఇద్దరు ముగ్గురు పెద్దలు ఉదయం ఆరున్నరకే కాఫీ గ్లాసులతో టీవీ ముందు చేరారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో అప్పటికి ఇంకా ముందురోజు సాయంత్రం ఏడు గంటలు. రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు పోటీ చేయాలో తేల్చే మొట్టమొదటి ఓట్లు అక్కడ పడబోతున్నాయి. టీటీడీలో పనిచేసి రిటైరైన మా పొరుగాయన, “మా అల్లుడు చెప్పినాడు సార్, ఆడ అందరూ వివేక్ రామస్వామినే అంటా ఉండారంట” అని ఎంతో నమ్మకంగా అన్నారు. రెండో కాఫీ పూర్తయ్యేలోపు ట్రంప్ 51 శాతం ఓట్లతో గెలుస్తున్నారని తేలింది. 8 శాతానికి కూడా చేరని రామస్వామి మనకు ఆ ఉదయమే పోటీ నుంచి తప్పుకున్నారు.

ఆ అల్లుడు అబద్ధం చెప్పలేదు. తన ఆఫీసులో, తన గుడిలో, తన వాట్సాప్ గ్రూపులో వినబడిన మాటనే మామగారికి చేరవేశాడు. అయితే అతను హెచ్‌-1బీ వీసాపై ఉన్నాడు కనుక అతనికి అక్కడ ఓటు లేదు, అతని స్నేహితులలో చాలామందికీ లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు సైతం అధ్యక్ష ఎన్నికలలో ఓటు వేయలేరు, దానికి పౌరసత్వం కావలసిందే. కళాశాలలో చాలా ఏళ్లు సంఖ్యాశాస్త్రం చెప్పిన వాడిని కాబట్టి, అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకూ, ఎం.ఎస్. చదువుకు వెళ్లబోతున్న విద్యార్థులకూ ఉపయోగపడుతుందని, ఒక ఆశావహుడి గురించి అక్కడి ఓటర్లు ఏమనుకుంటున్నారో సర్వేల నుంచి తెలుసుకునే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. దీనికి పెద్ద గణితం అవసరం లేదు. ఫోన్‌లోని కాలిక్యులేటరూ, ఒక నోటు పుస్తకమూ సరిపోతాయి.

ముందుగా నామినేషన్ అనే మాట దగ్గర ఉన్న చిక్కు

మన దగ్గర నామినేషన్ అంటే అభ్యర్థి ఊరేగింపుగా వెళ్లి రిటర్నింగ్ అధికారికి పత్రాలు ఇవ్వడం. అమెరికా వార్తలలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ నామినేషన్ అంటే మనం టికెట్ అనేది, బీ-ఫారం చేతికి రావడం వంటిది. మన పార్టీలలో టికెట్ ఎవరికన్నది అధినేత నిర్ణయిస్తారు. ఈమధ్య ఐవీఆర్‌ఎస్ ఫోన్ సర్వేలు పెట్టి కార్యకర్తల అభిప్రాయం అడుగుతున్నా, చివరి మాట అధినేతదే. అమెరికాలో ఆ టికెట్‌ను రాష్ట్రాల వారీగా ఓటర్లే తేలుస్తారు. మామూలు పోలింగ్ లాగా జరిగితే దానిని ప్రైమరీ అంటారు. నిర్ణీత సమయానికి బడిలోనో చర్చిలోనో సమావేశమై తేల్చుకుంటే కాకస్ అంటారు. ఈ ఓట్లను బట్టి ప్రతి ఆశావహుడికీ కొందరు డెలిగేట్లు, అంటే పార్టీ ప్రతినిధులు, దక్కుతారు, వేసవిలో జరిగే పార్టీ మహాసభలో ఆ డెలిగేట్లలో సగానికి మించి ఎవరి వైపు ఉంటే వారే అభ్యర్థి అవుతారు. 2024లో రిపబ్లికన్ డెలిగేట్లు మొత్తం 2,429 మంది కాగా, గెలవడానికి 1,215 మంది కావలసి వచ్చింది.

మన రాష్ట్రపతి ఎన్నికతో దీనిని పోల్చుకుంటే పొరపాటు పడతాం. చిన్ననాట మన తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి అయినప్పుడు తిరుపతి ఓటరును ఎవరూ ఏమీ అడగలేదు, అడగవలసిన పనీ లేదు. రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేసేది ఎంపీలూ ఎమ్మెల్యేలూ. 2022 ఎన్నికలో మన ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 159. అమెరికా అధ్యక్షుడి టికెట్ మాత్రం సామాన్య ఓటరు అభిప్రాయం మీద నడిచే వ్యవహారం కాబట్టి, ఏడాదిన్నర ముందు నుంచే సర్వేలు కుప్పలుగా వచ్చిపడతాయి.

ఎవరిని అడిగారు?

సర్వే వార్త కనబడగానే మన కన్ను శాతం మీదికి పోతుంది. ఆ అలవాటు మానుకొని, ఎవరిని అడిగి ఆ శాతం తెచ్చారో వెతకాలి. ఈ సంగతి తిరుపతి వాళ్లకు అర్థమైనంత సులభంగా మరొకరికి అర్థం కాదని నా నమ్మకం. ఆర్టీసీ బస్టాండు ముందు నిలబడి, మన ఎమ్మెల్యే టికెట్ ఎవరికిస్తే బాగుంటుందని వంద మందిని అడిగామనుకోండి. అందులో సగానికి పైగా విశాఖపట్నం, బెంగళూరు, చెన్నై, షోలాపూర్ల నుంచి దర్శనానికి వచ్చినవారే ఉంటారు. వారు ఎంత నిజాయతీగా జవాబు చెప్పినా దానివల్ల మనకు తెలిసేది ఏమీ లేదు. ఆ వందలో మిగిలిన స్థానికులలో కొందరు చంద్రగిరి నియోజకవర్గం ఓటర్లు, కొందరికి ఓటు నమోదు కాలేదు, కొందరు పోలింగ్ నాడు ఇల్లు కదలరు. తిరుపతి వీధిలో కనిపించే జనం వేరు, తిరుపతి ఓటర్లు వేరు, ఓటు వేసే ఓటర్లు వేరు.

అమెరికా సర్వేలో ఈ మెట్లు ఇంకా ఎక్కువ. సర్వే అడుగున చిన్న అక్షరాలలో, అడిగినది వయోజనులనా, నమోదైన ఓటర్లనా, తప్పక ఓటు వేస్తారని అంచనా వేసిన ఓటర్లనా అన్నది రాసి ఉంటుంది. నామినేషన్ సర్వే అయితే దానికి తోడు ఏ పార్టీ వారిని అడిగారన్నది మరింత ముఖ్యం. మన ఓటరు జాబితాలో పార్టీ అనే గడి ఉండదు. అక్కడ చాలా రాష్ట్రాలలో ఓటరుగా నమోదయ్యేటప్పుడే పార్టీని కూడా నమోదు చేసుకోవచ్చు. ఫ్లోరిడా, న్యూయార్క్ వంటి రాష్ట్రాలలో ఆ పార్టీకి నమోదైనవారే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు వేయాలి. న్యూ హ్యాంప్‌షైర్‌లో ఏ పార్టీకీ నమోదు కానివారు ఆ రోజు తమకు నచ్చిన పార్టీ బ్యాలెట్ తీసుకోవచ్చు. సౌత్ కరొలైనాలో పార్టీ నమోదే లేదు. అందువల్ల ఒకే నాయకుడి బలం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మారిపోతుంది. 2024 జనవరి 23న న్యూ హ్యాంప్‌షైర్‌లో నిక్కీ హేలీకి 43 శాతం వచ్చింది, ట్రంప్‌కు 54. ఆమెకు పడిన ఓట్లలో పెద్ద భాగం ఏ పార్టీకీ చెందని ఓటర్లది. ఆ 43 చూసి మన టీవీలలో కొందరు గట్టి పోటీ అని ఉత్సాహపడ్డారు. అటువంటి ఓటర్లు తక్కువగా ఉన్న చోట ఆమెకు ఆ బలం కనబడలేదు. చివరకు వాషింగ్టన్ డీసీ, వెర్మాంట్ రెండింటిని మాత్రమే గెలిచి, మార్చి 6న తప్పుకున్నారు.

ఎంతమంది వస్తారన్నది ఇంకో మెట్టు. అయోవాలో ఆ కనుమ ఉదయం, అంటే వారి చలి రాత్రి, కాకస్‌లకు వచ్చినవారు సుమారు 1,10,000 మంది. అక్కడ రిపబ్లికన్లుగా నమోదైనవారిలో అది దాదాపు 15 శాతం. ఎముకలు కొరికే చలిలో ఏడు గంటలకు ఇల్లు విడిచి బడికి వెళ్లి కూర్చునే ఆ 15 శాతాన్ని ఫోన్‌లో ముందుగానే గుర్తుపట్టాలి, సర్వే చేసేవారి అసలు కష్టం అదే. ఉత్సాహంగా ఉన్న మద్దతుదారుల శాతం, తప్పక వెళతామన్నవారి శాతం అని కొన్ని సర్వేలు విడిగా ఇస్తాయి. మొత్తం అంకె కంటే ముందు నేను చూసేది అవే.

జనం సంఖ్య చూసి మోసపోకూడదని మనకు వేరే ఎవరూ చెప్పనక్కర లేదు. 2008 ఆగస్టు 26న చిరంజీవి ప్రజారాజ్యం ఆవిర్భావ సభ మన తిరుపతిలోనే జరిగింది. ఆ రోజు ఊరిలోకి రావడానికీ పోవడానికీ దారి దొరకక అవస్థ పడినవారిలో నేనూ ఒకడిని. మరుసటి ఏడాది ఎన్నికలలో ఆ పార్టీకి 294 స్థానాలలో 18 దక్కాయి. చిరంజీవి తిరుపతిలో గెలిచి, తన సొంత గడ్డ అనదగ్గ పాలకొల్లులో ఓడిపోయారు. సభకు వచ్చినవారు అభిమానంతో వచ్చారనడంలో సందేహం లేదు. వారంతా ఏ ఊరి ఓటర్లు, రానివారు ఎంతమంది అన్న లెక్క మాత్రం సభాస్థలిలో దొరకదు. కమలా హారిస్ 2019 జనవరిలో తొలిసారి అధ్యక్ష టికెట్ కోసం ఓక్‌లాండ్‌లో సభ పెట్టినప్పుడు 20 వేల మందికి పైగా వచ్చారని ఆమె బృందం లెక్క చెప్పింది. ఆ డిసెంబర్ 3నే, అంటే అయోవాలో ఒక్క ఓటైనా పడకముందే, ఆమె పోటీ విరమించారు.

పెద్ద సంఖ్యలో అడిగితే తప్పు దానంతట అదే సర్దుకుంటుందని కూడా అనుకోవద్దు. 1936లో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు రాబట్టి, అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓడిపోతారని ప్రకటించింది. ఆయన 48 రాష్ట్రాలలో 46 గెలిచారు. ఆ పత్రిక వాడిన చిరునామాలలో ఎక్కువ భాగం టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచీ తీసుకున్నవి. ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజులలో ఫోనూ కారూ ఉన్నవారు ఎవరో ఊహించుకోండి. పైగా పనిగట్టుకొని కార్డు తిరిగి పంపినవారి మనసు, పంపనివారి మనసు ఒకటి కాదు. వాట్సాప్‌లో లింకు పంపి వేయించే పోల్ కూడా ఈ కోవకే చెందుతుంది. దానికి లక్ష మంది జవాబిచ్చినా నా నోటు పుస్తకంలో చోటు లేదు.

ఏమని అడిగారు?

ఒక నాయకుడి గురించి నాలుగు రకాల ప్రశ్నలు వేస్తారు, వార్తలలో ఆ నాలుగింటినీ కలిపేస్తారు. ఆయనపై మీకు మంచి అభిప్రాయం ఉందా లేదా అన్నది ఒకటి. ఇవాళ ప్రైమరీ జరిగితే ఎవరికి వేస్తారన్నది మరొకటి. మీ మొదటి మనిషి తప్పుకుంటే ఎవరికి వేస్తారన్నది మూడవది. అవతలి పార్టీని ఓడించగలిగేది ఎవరన్నది నాలుగవది. మనింట పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి మంచివాడనడం వేరు, పిల్లను ఇస్తామనడం వేరు కదా. ఓటరు కూడా ఒకరిని ఇష్టపడుతూనే, గెలవగలడన్న లెక్కతో మరొకరికి ఓటు వేస్తాడు. 2020లో డెమోక్రాటిక్ ఓటర్లలో ఎక్కువమంది, తమ ఆలోచనలకు దగ్గరగా ఉన్నవారి కంటే ట్రంప్‌ను ఓడించగలిగినవారే తమకు కావాలని చెప్పారు. ఆ ఒక్క జవాబును పక్కన పెట్టి చూస్తే బైడెన్‌కు టికెట్ ఎలా వచ్చిందో అర్థం కాదు.

మంచి అభిప్రాయం అనే అంకెను చదివేటప్పుడు, ఆ నాయకుడి గురించి తమకు తెలియదు అన్నవారి శాతాన్ని తప్పక చూడాలి. 30 శాతం మంచి అభిప్రాయం, 15 శాతం చెడు అభిప్రాయం, 55 శాతం తెలియదు అని ఉన్న నాయకుడికి పెరగడానికి చోటు ఉంది. అందరికీ తెలిసి, మంచి 45, చెడు 52 ఉన్న నాయకుడిది వేరే సంగతి. ఎన్నికకు ఏడాది ముందు సర్వేలలో ముందున్నవారు చాలాసార్లు పేరు తెలిసినవారే తప్ప మెచ్చినవారు కారు. 2007లో రిపబ్లికన్ జాతీయ సర్వేలలో న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జులియానీ నెలల తరబడి ముందున్నారు. 2008 జనవరి 30న ఆయన తప్పుకునేనాటికి ఒక్క రాష్ట్రమూ గెలవలేదు. 2007 అంతా డెమోక్రాట్లలో హిల్లరీ క్లింటన్ ముందున్నారు, టికెట్ ఒబామాకు దక్కింది. అంతకుముందు 1976లో జిమ్మీ కార్టర్‌ను ఎవరీ జిమ్మీ అని అడిగేవారు. అయోవాలో ఆయనకు 28 శాతం దాకా వస్తే, ఎవరికీ కట్టుబడము అన్నవారికి 37 శాతం వచ్చింది. మన నోటా గెలిచినట్టు అన్నమాట. అయినా ఆ ఏడాది అధ్యక్షుడిగా ఎన్నికైనది కార్టరే.

చెడు అభిప్రాయం కూడా రాతి మీద గీత కాదు. 2015 జూన్‌లో ట్రంప్ పోటీకి దిగే నాటికి సొంత పార్టీ ఓటర్లలోనే ఆయనపై చెడు అభిప్రాయం ఉన్నవారు ఎక్కువ. ఆ అంకెలు చూపించి, ఈయనకు టికెట్ రాదని రాసినవారు ఎందరో ఉన్నారు. కొద్ది వారాలలోనే ఆ అభిప్రాయం తలకిందులైంది, జూలైలోనే ఆయన జాతీయ సర్వేలలో ముందుకు వచ్చారు. ఈ ప్రశ్నను ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. ఒకే సంస్థ, ఒకే మాటలతో, నెలనెలా అడిగిన అంకెల వరుసను చూడాలి.

ప్రశ్నలోని పేర్ల పట్టికను కూడా చూడండి. అందులో ఎవరి పేరు లేకపోయినా జవాబు మారిపోతుంది. 2020 ఫిబ్రవరి 1న, అయోవా కాకస్‌కు రెండు రోజుల ముందు, ఎంతో పేరున్న డెమోయిన్ రెజిస్టర్ అనే అయోవా పత్రిక సర్వేను చివరి నిమిషంలో ప్రకటించకుండా ఆపేశారు. ఫోన్ చేసి ప్రశ్నలు చదివే ఒక ఉద్యోగి కంప్యూటర్ తెరపై అక్షరాలను పెద్దవి చేసుకోవడంతో ఆశావహులలో ఒకరైన పీట్ బుటిజెజ్ పేరు తెర దాటిపోయి కనబడలేదని అప్పట్లో కారణం చెప్పారు. ఒక్క ఇంటర్వ్యూలో జరిగి ఉండవచ్చన్న పొరపాటుకు మొత్తం సర్వేనే వదులుకున్నారు. సర్వే సంస్థను నమ్మవచ్చునో లేదో తేల్చుకోవడానికి నేను విద్యార్థులకు ఈ ఉదాహరణనే చెబుతుంటాను.

సర్వేకు డబ్బు ఎవరు పెట్టారన్నది కూడా ఇక్కడే చూడవలసిన విషయం. మన ఊరిలో టికెట్ ఆశించే ప్రతి నాయకుడి దగ్గరా ఆయనే ముందున్నట్టు చెప్పే సర్వే ఒకటి ఉంటుంది, దాని కాగితం ఎవరికీ చూపరు. అక్కడ కూడా ప్రచార బృందాలు సొంత సర్వేలలో తమకు నచ్చినవాటినే బయటికి వదులుతాయి. ప్రశ్నల పూర్తి పాఠం, తేదీలు, అడిగినవారి సంఖ్య ఇవ్వని సర్వేను చదవకుండా వదిలేసినా నష్టం లేదు.

అంకెకు ఎంత వదులు ఇవ్వాలి?

అయోవా 2024 చివరి సర్వేనే తీసుకొని లెక్క చేద్దాం. డెమోయిన్ రెజిస్టర్ సర్వే జనవరి 7 నుంచి 12 వరకు, కాకస్‌కు వెళ్లే అవకాశం ఉన్న 705 మంది రిపబ్లికన్లను అడిగింది. ట్రంప్ 48, హేలీ 20, ఫ్లోరిడా గవర్నర్‌గా ఉన్న రాన్ డిశాంటిస్ 16, రామస్వామి 8 శాతం అని తేలింది. ఫోన్‌లో 705కు వర్గమూలం నొక్కితే దాదాపు 26.55 వస్తుంది. ఈ లెక్కలో ఎప్పుడూ వాడే 98 అనే స్థిరసంఖ్యను దానితో భాగిస్తే 3.7 వస్తుంది. ఆ సర్వే ప్రకటించిన పొరపాటు పరిధి, అంటే అంకెకు ఇవ్వవలసిన వదులు, కూడా అటూ ఇటూ 3.7 శాతమే. ఇదే పద్ధతిలో 400 మందిని అడిగితే దాదాపు 5, 1,000 మందిని అడిగితే దాదాపు 3 వస్తుంది. దేశ జనాభా ఎంతన్నది ఈ లెక్కలోకి రాదు, అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నె సైజుతో పనిలేనట్టే. అయితే మెతుకు తీసే ముందు గిన్నెను బాగా కలిపి ఉండాలి, అది జరగకపోతే ఈ సూత్రం మనకు ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు రెండవ స్థానం చూడండి. హేలీ 20, డిశాంటిస్ 16, మధ్య తేడా 4. ఇద్దరి మధ్య తేడాకు ఉండే పొరపాటు పరిధి ఒక్కొక్కరి పరిధి కంటే పెద్దదిగా ఉంటుంది. ఇక్కడ లెక్క కడితే దాదాపు 4.4 వస్తుంది. అంటే హేలీ రెండవ స్థానంలో ఉన్నారని ఈ సర్వే నిశ్చయంగా చెప్పలేదు. మన చానెళ్లలో మాత్రం ఆమె రెండవ స్థానానికి దూసుకెళ్లారని చెప్పేశారు. ఓట్లు లెక్కించాక డిశాంటిస్‌కు 21, హేలీకి 19 శాతం వచ్చాయి.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉంది. డిశాంటిస్ అంకె 16 నుంచి 21కి పోయింది, అంటే 3.7 వదులిచ్చినా సరిపోలేదు. ఆ 3.7 శాతం కేవలం చీటీలు తీయడంలో పడే యాదృచ్ఛికమైన తేడాను మాత్రమే కొలుస్తుంది. చివరి మూడు రోజులలో మనసు మార్చుకున్నవారు, చలికి భయపడి ఇంట్లో ఉండిపోయినవారు, ఫోన్ ఎత్తనివారు, వీరెవరూ ఆ సూత్రంలో లేరు. హేలీ మద్దతుదారులలో ఉత్సాహం బాగా తక్కువగా ఉందని అదే సర్వే లోపలి పేజీలలో చెప్పింది. శీర్షిక దగ్గరే ఆగిపోయినవారికి అది కనబడలేదు. ఎంత మంచి సంస్థ అయినా పొరబడవచ్చు. ఇదే సర్వే 2024 నవంబర్ ఎన్నికకు ముందు అయోవాలో హారిస్ 3 పాయింట్లు ముందున్నారని చెప్పగా, ట్రంప్ దాదాపు 13 పాయింట్లతో గెలిచారు.

జాతీయ సర్వేలలో దాగి ఉండే చిన్న శాంపిల్ గురించి కూడా జాగ్రత్త పడాలి. వెయ్యి మంది ఓటర్లను అడిగామని పైన ఉంటుంది. అందులో రిపబ్లికన్లు 400 మందే అయితే, రిపబ్లికన్ నామినేషన్ అంకెకు వదులు 3 కాదు, 5. ఆ 400 మందిలో మళ్లీ 30 ఏళ్లలోపు వారి అభిప్రాయం అని బొమ్మ గీసి చూపిస్తే, అది యాభై అరవై మంది మాట కావచ్చు. భారతీయ సంతతి ఓటర్లు ఫలానా వారి వైపు ఉన్నారని మామూలు జాతీయ సర్వే నుంచి తీసి చెప్పే వార్తల పరిస్థితి అంతకంటే బలహీనం. మన పత్రికలకు అవి బాగా రుచిస్తాయి, నాకు మాత్రం వాటి మీద నమ్మకం లేదు.

ఏ రాష్ట్రంలో, ఏ తేదీన?

నామినేషన్ పోటీ ఒకేరోజు దేశమంతా జరగదు కాబట్టి, జాతీయ సర్వే అంకె ఏ ఒక్క ఎన్నికకూ సమాధానం కాదు. 2020లో బైడెన్ అయోవాలో నాలుగవ స్థానంలో, న్యూ హ్యాంప్‌షైర్‌లో ఐదవ స్థానంలో నిలిచారు. ఆయన పని అయిపోయిందని ఇక్కడి చర్చలలోనూ తేల్చేశారు. నల్లజాతి ఓటర్లు పెద్ద సంఖ్యలో ఉన్న సౌత్ కరొలైనాలో ఫిబ్రవరి 29న ఆయన భారీగా గెలిచారు. ఆ తర్వాత రెండు రోజులలో ఇద్దరు పోటీదారులు తప్పుకొని ఆయనకు మద్దతు పలికారు, మార్చి 3న ఓటు వేసిన 14 రాష్ట్రాలలో 10 ఆయనకు దక్కాయి. పోటీదారుల సంఖ్య తగ్గేకొద్దీ రెండవ ఎంపిక ప్రశ్నకు విలువ పెరుగుతుందన్నది ఇందులో గమనించవలసిన విషయం. ముందు సర్వేలలో ఆ ప్రశ్నకు ఎవరి పేరు ఎక్కువగా వచ్చిందో రాసిపెట్టుకున్నవారికి ఆ వారం జరిగినది అంత ఆశ్చర్యం అనిపించదు.

సర్వే తేదీ అంటే ప్రకటించిన తేదీ కాదు, అడిగిన తేదీలు. 2008లో ఒబామా జనవరి 3న అయోవా గెలిచారు, న్యూ హ్యాంప్‌షైర్ ఓటింగ్ 8న. ఆ ఐదు రోజులలో వచ్చిన సర్వేల సగటు ఒబామాను దాదాపు 8 పాయింట్లు ముందు చూపింది. గెలిచింది హిల్లరీ క్లింటన్. వేడి మీద తీసిన అభిప్రాయం అది, చివరి ఒకటి రెండు రోజులలో నిర్ణయించుకున్నవారి మనసు అందులో పూర్తిగా పడలేదు. ఒక చర్చాకార్యక్రమం, ఒక విజయం, ఒక వివాదం జరిగిన వెంటనే వచ్చే సర్వేను రెండు వారాల తర్వాత వచ్చే సర్వేతో కలిపి చదవడం మంచిది.

శాతాన్ని డెలిగేట్లుగా మార్చే నియమం కూడా తెలిసి ఉండాలి, అది పార్టీకి ఒక రకంగా ఉంటుంది. డెమోక్రాట్లలో సాధారణంగా 15 శాతం దాటినవారికే డెలిగేట్లు దక్కుతారు, అందుచేత సర్వేలో 14కూ 16కూ మధ్య ఉన్నది రెండు శాతం తేడా మాత్రమే కాదు. రిపబ్లికన్లలో నియమం రాష్ట్రానికో తీరుగా మారుతుంది. 2024లో కాలిఫోర్నియాలో సగానికి మించి ఓట్లు వచ్చినవారికి మొత్తం 169 డెలిగేట్లూ దక్కేటట్టు నియమం పెట్టారు. అక్కడ అడగవలసినది ఎవరు ముందున్నారని కాదు, 50 దాటతారా అని. ఆరంభంలో మాత్రం చిన్న అంకెలకు వేరే విలువ ఉంటుంది. 2023 ఆగస్టులో మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ తొలి చర్చావేదిక ఎక్కాలంటే కొన్ని సర్వేలలో కనీసం 1 శాతమూ, 40 వేల మంది దాతలూ ఉండాలన్నారు. అంటే ఆ దశలో సర్వే ఓటరు అభిప్రాయాన్ని కొలవడంతో ఆగదు, ఓటరుకు ఎవరు కనబడాలో కూడా నిర్ణయిస్తుంది.

నోటు పుస్తకం

2028 ఎన్నిక నవంబర్ 7న ఉంది. ట్రంప్ మరోసారి పోటీ చేయడానికి అక్కడి రాజ్యాంగం ఒప్పుకోదు కాబట్టి రెండు పార్టీలలోనూ కొత్త ఆశావహులు బారులు తీరుతారు. అభ్యాసానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. ఒక పేజీకి ఒక నాయకుడిని కేటాయించండి. అడిగిన తేదీలు, జాతీయమా రాష్ట్రమా, ఎలాంటి ఓటర్లు, ఎంతమంది, ఏ ప్రశ్న, వచ్చిన శాతం, తెలియదు అన్నవారి శాతం, డబ్బు ఎవరిది అన్న గడులు గీయండి. పొరపాటు పరిధిని వార్త నుంచి ఎత్తి రాయకుండా మీరే కాలిక్యులేటర్‌లో లెక్క కట్టండి. పది సార్లు చేస్తే, అంకె చూడగానే వదులు ఎంతో మనసుకు తట్టడం మొదలవుతుంది.

ఒకే సర్వే కంటే సగటు మేలు. ఆ పని చేసే వెబ్‌సైట్లలో బాగా పేరుపడిన ఫైవ్‌థర్టీఎయిట్ 2025 మార్చిలో మూతపడింది, రియల్‌క్లియర్‌పాలిటిక్స్ వంటివి ఉన్నాయి. ఇంట్లో చేసుకోవాలంటే గత మూడు వారాలలో ఒకే రాష్ట్రంలో ఒకే తరహా ఓటర్లను అడిగిన సర్వేలను మాత్రమే తీసుకొని సగటు కట్టండి. ఒకే సంస్థవి రెండు ఉంటే కొత్తది ఉంచి పాతది కొట్టేయండి. మిగతావాటికి చాలా దూరంగా ఉన్న సర్వేను చూసి ఎగిరి గంతేయవద్దు, పారేయనూ వద్దు. రెడ్ ఇంకుతో గుర్తు పెట్టి ఉంచండి.

పిల్లల నుంచి వచ్చే సమాచారాన్ని కాదనమని నేను చెప్పడం లేదు. ఓటు ఉన్న పిల్లలైతే, అక్కడ ఎవరు గెలుస్తారని అడగకండి. నువ్వు ఏ పార్టీకి నమోదయ్యావు, మీ రాష్ట్రంలో ప్రైమరీ ఎప్పుడు, మీ పక్కింటి వాళ్లు ఓటుకు వెళతారా, ఎందుకు వెళ్లరు అని అడగండి. సర్వేలో దొరకని కారణాలు ఆ మాటలలో దొరుకుతాయి. వాటిని పేజీ వెనుక రాసుకోవాలి, అంకెల గడిలో చేర్చకూడదు. మా పొరుగాయన అల్లుడు ఈసారి ఫోన్ చేసినప్పుడు ఈ ప్రశ్నలే అడుగుతానని ఆయన నాకు మాట ఇచ్చారు.

ఓటింగ్ జరిగే ముందు మీ అంచనాను ఒక్క అంకెగా కాకుండా ఇంత నుంచి ఇంత వరకు అని రాసి తేదీ వేయండి. చలికాలంలో అమెరికా తూర్పు రాష్ట్రాలలో సాయంత్రం ఏడు ఎనిమిది గంటలకు పోలింగ్ ముగిస్తే మనకు మరునాటి ఉదయం ఐదున్నర, ఆరున్నర అవుతుంది. కాలిఫోర్నియాలో ఎనిమిదికి ముగిసేసరికి ఇక్కడ తొమ్మిదిన్నర. తపాలా ద్వారా వచ్చిన ఓట్ల లెక్కింపు అక్కడ వారాల తరబడి సాగుతుంది, అందుకని ఫలితం గడిని మొదట పెన్సిల్‌తో నింపి, తుది అంకె వచ్చాకే పెన్నుతో దిద్దుకోండి.